పుక్కిటి నీళ్ళు

తార్తూలో నవంబరు.
మూడున్నరకే దీపాలు వేస్తాం.
నా బల్లమీద నూట ముప్ఫై ఏడు కార్డులు,
అన్నిటిలోనూ ఒక సరస్సు
ఊరిమీద అలిగి వెళ్ళిపోతుంది.

ఎలా వెళ్తుందో అందరూ ఒప్పుకుంటారు.
రాత్రి నీళ్ళు మబ్బై లేస్తాయి,
ముందు ఒక నల్లెద్దు దారి చూపిస్తూ నడుస్తుంది.
కింద ఎవరైనా, తెలిసో తెలియకో, దాని పేరు పలికితే
అక్కడే దబ్బున పడుతుంది.

ఎందుకు వెళ్ళిందన్న దగ్గరే పేచీ.
పసిగుడ్డు గుడ్డలు అందులో జాడించారని దక్షిణాన,
చేపలకోసం అన్నదమ్ములు గెడలతో కొట్టుకున్నారని దీవుల్లో,
వలకింతని జర్మన్ దొర పన్ను వేశాడని
ఆ దొర భూములు చుట్టిన పద్నాలుగు ఊళ్ళలో.
రైలు పడ్డాక చెప్పినవాళ్ళు
కూతకి జడుసుకుందన్నారు.
సమష్టి పొలాల కాలంలో ఒక ట్రాక్టరు డ్రైవరు
కాలవ తవ్వుతారని దానికి ముందే కబురందిందన్నాడు.
ఆ ఒక్క కార్డూ చాలా ఏళ్ళు
తాళమేసిన బీరువాలో ఉంది.

నేను చేరిన కొత్తలో ఊర్వే గారు అన్నారు:
ఏది అసలుదని అడగకు.
ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు,
చెప్తున్నప్పుడు చేతుల్లో ఏ పని ఉంది,
అది అడుగు.

పుక్కిటి పురాణమంటారు, తేలిగ్గా.
నిజమే, పుక్కిట పట్టి తెచ్చినదే.
మింగినా పోయేది, ఉమ్మినా పోయేది,
ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి
కరువులు దాటి, కలరాలు దాటి వచ్చింది.
మోసినవాళ్ళ నోటి ఉప్పు కలవకుండా
ఒక్క గుక్కా రాలేదు.
మేం కొలిచేది ఆ ఉప్పునే.

మార్చిలో ఐగర్ వచ్చాడు, భూగర్భ శాఖనుంచి,
ప్లాస్టిక్ చుట్టిన పొడుగాటి గొట్టంతో.
ఐదు మీటర్ల నల్ల పీచుమట్టి,
దాని కింద బూడిదరంగు బురద, నత్తగుల్లలు.
"అక్కడ సరస్సు ఉండేది! మీ కథ నిజమే!"
పెళ్ళి కుదిర్చినవాడిలా వెలిగిపోయాడు.
కాఫీ ఇచ్చాను.
నీళ్ళన్నవే ఎరగని నలభై ఊళ్ళ జాబితా కూడా ఇచ్చాను.
అక్కడా సరస్సు వెళ్ళిపోయింది,
అక్కడా ఎవరో తప్పు చేశారు.
ఆ బెంగ కోసం గొట్టం ఎక్కడ దించాలో
అతనికీ తెలియలేదు, నాకూ తెలియదు.
కాఫీ చల్లారిపోయింది.

ఇవాళ చేతికొచ్చింది ఎనభై ఎనిమిదో కార్డు.
రాసినది బడిపంతులు హిండ్రిక్ పుల్క్, నిలువుగా, ఒత్తుగా.
చెప్పినది ఎప్, కూలిమనిషి, విధవ, సుమారు డెబ్బై.
ఆమె సరస్సు మూడు రోజులు తిరిగింది,
పేరు తగిలించేవాడు దొరక్క.
నాలుగోనాడు ఒక పిల్ల పాలు పితుకుతుంటే
ఆవు తన్నింది.
పిల్ల దాన్ని పేరు పెట్టి తిట్టింది.
అంతే, పిల్లా ఆవూ పాలచెంబూ నీళ్ళకిందికి.
ఆ సరస్సుకి ఇప్పటికీ ఆవు పేరేనట.

అంచున పంతులు గమనిక:
"ఇక్కడ నవ్వింది. నమ్మదగిన మనిషి కాదు."

అయ్యో పంతులూ,
నవ్వుతూ నమ్మేవాళ్ళుంటారని ఎవరూ చెప్పలేదా నీకు?
లేక ఆమె నవ్వింది
నీ కొత్త బూట్లు చూసేమో.

నా ఫారంలో గడులున్నాయి:
కారణం, దారి చూపిన జంతువు, పడిన చోటు, పలికిన పేరు.
నవ్వుకి గడి లేదు.
పేరు కోసం కార్డంతా మళ్ళీ చదివాను.
లేదు.
వెనక్కి తిప్పితే, పెన్సిల్‌తో, అదే చేతిరాత:
"ఆవు పేరు అడగడం మరిచాను. మళ్ళీ వెళ్ళాలి."

వెళ్ళాడో లేదో.
ఎనభై తొమ్మిదో కార్డు వేరే జిల్లాది.

అంటే, ఈ లెక్కన,
ఆ నీళ్ళు ఇంకా పైనే ఉన్నాయి.
కిటికీలోంచి చూశాను. మబ్బు బాగా దిగి ఉంది.
గొడుగు తెచ్చుకున్నానో లేదో
సంచీ తడిమి చూసుకున్నాను.