విరగ్గొట్టే పని

నా ఉద్యోగం విరగ్గొట్టడం.
బుషెన్యి ఊరి చివర, పాలకేంద్రం వెనక, రేకుల షెడ్డులో
రెండు ఇనుప దవడల మధ్య పలకని బిగించి
చక్రం తిప్పుతాను.
ఎంత బరువుకి పోయిందో పుస్తకంలో రాస్తాను.
జాలిపడే పని కాదని
చేరిన రోజే చెప్పారు.

పలక అంటే అరటి.
గెల కోసేశాక మిగిలిన బోదె.
ఒక్కసారే కాస్తుంది, ఆ తర్వాత
దాని వంక చూసేవాళ్ళుండరు.
ఈ కొండల నిండా మటోకే తోటలే.
కాయలు లారీలెక్కి కంపాలా పోతాయి,
బోదెలు కాళ్ళకడ్డం పడి కుళ్ళుతూ
ముక్కుపురుగుకి ఇల్లవుతాయి.

క్యరిసీమ ముసలమ్మ మంచులోనే తోటలోకి దిగుతుంది.
పొర మీద పొర ఒలుస్తుంది,
మొద్దు కత్తితో గీకుతుంది, గీకుతుంది,
నీళ్ళన్నీ మోచేతుల మీదుగా కారిపోయాక
కత్తి కింద మిగులుతుంది నార,
ఆవిడ జుట్టు కంటే ఒక వాసి తెల్లగా.
"చెత్తకి డబ్బులిచ్చే పిచ్చోళ్ళు" అంటూనే
నోట్లు రెండుసార్లు లెక్కపెడుతుంది.

నారకి నీళ్ళంటే ప్రాణం.
రెసిన్‌కి నీళ్ళు గిట్టవు.
ఈ ఇద్దరికీ కాపురం కుదర్చాలి మేము.

మొదటి నలభై పలకలూ ఒకేలా పోయాయి.
విరిగిన చోట నార చెక్కుచెదరకుండా
బయటికి జారి వచ్చేది,
వదులు బూటులోంచి పాదం వచ్చేసినట్టు.
నార తెగలేదు. పట్టు తెగింది.
అదే రాశాను, నలభై సార్లు.

కటబాజి రోజూ వచ్చి గుమ్మంలో కూచునేవాడు,
పక్కన చేతికర్ర.
ఇషాకా రోడ్డు మీద బోడా నడిపేవాడు,
మోకాలి కింద నుంచి తీసుకుపోయింది
అరటికాయల లారీయే.
విదేశీ తొడుగు ఖరీదు వాడి బండి ఖరీదుకి మూడింతలు.
"ఇవాళ విరిగిందా?"
"విరిగింది."
"మంచిదే, నా కింద విరగలేదుగా."

నారని కాస్టిక్ సోడాలో నానబెట్టాం.
వేళ్ళు బొబ్బలెక్కాయి.
వెనిగర్ నీళ్ళలో కడిగి దండేల మీద ఆరేస్తే
నవంబరు వాన ఊరుకుంటుందా!
మూడు రోజుల ఎండ కోసం పదకొండు రోజులు ఆగాం.
ఆరిన నార చేతికి గరుకుగా తగిలింది,
ఎవరో మొహం మీద చెడామడా తిట్టాక
మాట నేర్చుకున్న మనిషిలా.

అరవై మూడో పలక
వేరే చప్పుడు చేసింది.
విరిగిన అంచుని దీపం దగ్గర పెట్టి చూశాను.
నారా, రెసినూ ఒకే గీత మీద,
ఒకదాన్నొకటి వదలకుండా తెగి ఉన్నాయి.
అంచంతా రెండు రోజుల గడ్డంలా పొట్టిగా, గరగరగా.
కేక పెట్టాను.

"విరిగిందా?" గుమ్మంలోంచి వాడు.
"విరిగింది!"
"మరి ఆ నవ్వేంటి?"
ఏం చెప్పను?
విరగడంలో కూడా మంచి విరగడం ఒకటుందని,
దాని కోసమే ఇన్ని నెలలుగా కాచుకున్నానని
లారీ కింద పడ్డ మనిషికి ఎలా చెప్పను?
"ఇంకో వారం ఆగు" అన్నాను.

వారం ఆరు వారాలైంది.
సున్నపు అచ్చు మీద పొరలు చుట్టి తీసిన తొడుగు
పాలు తక్కువైన టీ రంగులో వచ్చింది.
క్యరిసీమ దాన్ని వేలి కణుపుతో కొట్టి చూసింది,
కుండ కొనేముందు కొట్టినట్టు.
"ఇది నా తోటదేనా?"
ఏడు తోటల నార ఒకే బస్తాలో కలిసిపోయింది.
నీదే అన్నాను.
పుస్తకంలో ఆ మాటకి గడి లేదు.

కటబాజి లేచాడు.
గోడ పట్టుకున్నాడు, వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు.
గేటు దాకా వెళ్ళి వచ్చి
మొహం చిట్లించాడు:
"కిర్రుమంటోంది."
రాసుకున్నాను. తేదీ వేసి, లోపం అన్న చోట:
కిర్రు.
రేపు సరిచేస్తాం అంటే వినలేదు,
రోడ్డెక్కేశాడు.
పాలకేంద్రం మలుపు దాటేదాకా
వినబడుతూనే ఉంది.