పొగ ఎంత, మంచు ఎంత

పని మీద వచ్చానన్నా వినకుండా
వెల్టా టికెట్ చింపి నా చేతిలో పెట్టింది.
"లెక్క తప్పకూడదు తాలివాల్దిస్,
ఈ ఏడాదికి నువ్వు నలభై ఒకటోవాడివి."
రెండు యూరోలు.
బూట్ల మీద తొడుక్కోవడానికి ఉన్నిచెప్పులు,
కుడిదానికి నాడా తెగిపోయింది.
నా తాపీ, ఇటుకల బుట్ట, బంకమన్ను బకెట్
టికెట్ లేకుండానే తాడు దాటాయి.

విద్జెమె గుట్టల నడుమ ఈ చెక్క ఇంటికి
నేను నాలుగో తరగతిలోనే రావలసింది.
ఆ రోజు మా ఇంట్లో బంగాళాదుంపలు తవ్వుతున్నారు.
బడి అంతా చూసొచ్చింది, నేను తప్ప.
అయినా హెర్మీనె స్ప్రోగె పాఠం నన్నూ వదల్లేదు.
పొగమంచు గదిలోకి వస్తుంది,
దీపాన్ని మింగుతుంది, బల్లను మింగుతుంది,
అమ్మ ముఖం చెరిగి చెరిగి
చివరికి గొంతు ఒక్కటే మిగులుతుంది.
మూడో వాక్యం దగ్గర తడబడితే
టీచరమ్మ నన్ను మూల నిలబెట్టింది.

నేల నుంచి కప్పు దాకా ఆకుపచ్చ పెంకుల పొయ్యి.
'రచయిత్రి చలి కాచుకున్నది ఇక్కడే'
అని అట్టముక్క మీద టైపు కొట్టి ఉంది.

నేను చూసేది చేత్తో.
భుజం దాకా పొగదారిలోకి దూర్చాను.
మొదటి మలుపు సరిగానే ఉంది.
రెండో మలుపులో, పైకి వెళ్ళవలసిన చోట,
అడ్డంగా ఒక సగం ఇటుక.
కట్టినవాడు తాగి ఉన్నాడో,
కూలి తక్కువిచ్చారని కసి తీర్చుకున్నాడో.
తూర్పుగాలి వీచిందంటే
ఈ పొయ్యి మింగిన పొగంతా గదిలోకే కక్కుతుంది.

అప్పుడు మిగతావి కనబడ్డాయి.
దూలం నలుపు రంగు కాదు, మసి.
కిటికీ గడియ ఒక్కటే అరిగిపోయి ఉంది, ఇంకేదీ అరగలేదు.
రాతబల్ల పొయ్యికి ఎంత దూరం పోగలదో అంత దూరం పోయి
చల్లటి అద్దానికి ఆనుకుని ఉంది.

చెప్పాను. వెల్టా చాలాసేపు మాట్లాడలేదు.
"ముప్పై ఒక్క ఏళ్ళు," అంది,
"వచ్చిన ప్రతి పిల్లకీ ఈ కిటికీలోంచి వాగు చూపించాను.
పొగమంచు అక్కడి నుంచే వచ్చేదని."
కాసేపాగి,
"ఆవిడ తెల్లవార్లూ దగ్గేదని మా అమ్మమ్మ అనేది.
అందరూ క్షయ అనుకున్నారు."

పొగమంచు.
మాటలోనే రెండూ ఉన్నాయి.
పొగ ఎంతో మంచు ఎంతో
కళ్ళు తుడుచుకుంటూ రాసినావిడకే తెలియాలి.

"బాగు చేస్తే మళ్ళీ రాదు కదా?"
"ఏది? పొగా?"
జవాబు చెప్పకుండా వెళ్ళి
బొగ్గుల బకెట్ తెచ్చింది.

సగం ఇటుక. నూట ఇరవై ఏళ్ళు.
ఊడదీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.
బిర్చి బెరడు, పాత వార్తాపత్రిక, ఒక అగ్గిపుల్ల.
పొగ ఒక్క క్షణం తలుపు దగ్గర నిలబడ్డ చుట్టంలా తటపటాయించి
దారి తెలిసినట్టు పైకి పోయింది.

సాయంత్రానికి గది వేడెక్కింది.
ఫోటో అద్దం చెమర్చి, మళ్ళీ తేటపడింది.
ఎండిన కుర్చీ టక్కుమంది ఎక్కడో.
వెల్టా కోటు బొత్తాలు విప్పింది
(ఆ ఇంట్లో ఆమెను కోటు లేకుండా
ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు),
తాడు ఎత్తి, ఎవరూ కూర్చోకూడని కుర్చీలో
కూర్చుంది.
బయట వాగు మీద తెల్లగా లేస్తోంది.
"అది మంచే," అంది.
ఔనన్నాను.

సగం ఇటుక తనకిమ్మంది.
గాజుబీరువాలో కలం పక్కన పెట్టి
అట్టముక్క కత్తిరించింది,
పెన్సిల్ పట్టుకుంది, నా వైపు చూసింది:
"ఏమని రాయను?"

నేను పొయ్యిల మేస్త్రీని.
డబ్బు లెక్కపెట్టుకుని, వంగి
ఉన్నిచెప్పులు విప్పుతున్నాను.
ఎక్కడి నుంచో ఆ పాఠం
మొదటి వాక్యం వచ్చింది నోటికి,
తర్వాత రెండోది.
మూడోది ఇప్పటికీ రాదు.