నిమ్మకాయల కాటా

పొదలకూరు యార్డులో కాటా పక్కన కూచుని
పద్దు రాయడం నా పని.
పందొమ్మిదేళ్లుగా ఎన్ని బస్తాల బరువు రాసినానో,
నా బరువు ఒక్కటే ఏ పుస్తకానికీ ఎక్కనియ్యలా.

లారీలు మద్రాసుకు కదిలిపోయిన ఒక మధ్యాన్నం,
నేలంతా చిదికిన కాయల పులుపు,
హమాలీ పెంచలయ్య చీపురు పక్కనబెట్టి అన్నాడు:
"ఒక్కతూరి ఎక్కి చూడమ్మా, అదేమన్నా కరుస్తదా?"
చెప్పులిడిచి ఎక్కినాను, గుళ్లోకి పోయినట్టు.
ఎర్రంకెలు కాసేపు వెనకాముందాడి
నిలబడినయ్.
బస్తా మీద ఆరు కిలోలు.
తరుగు తీసేసినా బస్తాకు తక్కువ కాను.
పెంచలయ్య అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.
మర్యాద తెలిసిన మనిషి.

ఆ ఆదివారమే నెల్లూరు పోయి
ట్రంకురోడ్డులో బూట్లు కొన్నాను, పద్నాలుగొందలు.
"వాకింగుకా మేడం" అన్నాడు షాపు పిల్లోడు.
ఆ మాటకే నాలుగు కిలోలు తగ్గినట్టయింది.
అట్టపెట్టెలోకి కరెంటు బిల్లులు చేరినయ్,
బూట్లు మంచం కిందికి చేరినయ్.
వైశాఖంలో ఊడుస్తా చూస్తే
ఎడమ బూటులో బల్లి రెండు గుడ్లు పెట్టుంది.
ఒకళ్లకన్నా పనికొచ్చినయ్ లే అనుకుని
మళ్లీ లోపలికి తోసినాను.

అయిదింటికి ఫోను మోగేది.
మా అవ్వ కాలంలో దయ్యం ఇంట్లోకి రాకుండా
తలుపు మీద బొగ్గుతో 'రేపు రా' అని రాసేవాళ్లంట.
చదువొచ్చిన దయ్యం పాపం,
ప్రతి రాత్రీ చదివి తిరిగిపొయ్యేదంట.
నేను దుప్పట్లోనించి
నా కాళ్లకు రోజూ అదే రాసి చూపించినాను.

అసలు భయం బరువు కాదు.
మా వీధిలో పని లేకుండా నడిచే ఆడమనిషి లేదు.
నడిస్తే చంకలో బిందె ఉండాల, బిడ్డన్నా ఉండాల,
ఏమీ లేకుంటే ఏడుపన్నా ఉండాల.
ఉత్త చేతుల్తో పోతే
అరుగు మీద కస్తూరమ్మ అడగదూ,
"ఏందే మస్తానమ్మా, ఎవురికన్నా బాగలేదా?"

ఇంతకీ జరిగిందేందంటే,
సందు మొగదల పాలబూతు రవణయ్య
మొక్కు తీర్చుకోను పెంచలకోనకు పొయినాడు, బూతు మూసి.
టీ లేకుండా నాకు తెల్లారదు.
క్యాను పట్టుకుని రాపూరు రోడ్డు మలుపు దాకా పోయినాను,
పాత హవాయి చెప్పుల్తో, జడన్నా వేసుకోకుండా.
తోటల మీంచి నిమ్మపూల వాసన.
మంచులో తడిసిన కుక్క ఒకటి కొంతదూరం తోడొచ్చింది.
కస్తూరమ్మ నన్ను చూసింది. క్యానును చూసింది.
ఏమీ అడగలా.

నాలుగోరోజు రవణయ్య గుండుతో తిరిగొచ్చి బూతు తెరిచినాడు.
నేను తల వంచుకుని దాటిపోయినాను.
అలవాట్లో పోయినానని చెప్పుకుంటాను గానీ
కొంచెం తెలిసే పోయినాను.

దీన్ని పట్టుదలంటారో పాలక్యానంటారో నాకు తెలీదు.
కొన్నాళ్లు పోలా కూడా,
తుపాను, మోకాలు, తమ్ముడి కూతురి సమర్త.
పోని రోజుకు సున్నా వేసుకున్నాను,
లెక్క మాత్రం మూసెయ్యలా.

నెలన్నరకు మళ్లీ కాటా ఎక్కినాను.
బస్తా మీద అయిదున్నర.
"అరకిలోనేనా" అన్నాను.
"అరకిలో తరుక్కి రైతు ఎంత రచ్చ చేస్తాడో
పద్దు రాసే నీకు నేను చెప్పాల్నా" అన్నాడు పెంచలయ్య.

ఈ పొద్దు మలుపు దాకా పోయి
పాలకని చెయ్యి చాస్తే
చేతిలో క్యాను లేదు.
ఇంట్లో గూట్లోనే ఉండిపోయింది.
దారంతా ఉత్త చేతులే ఊపుకుంటా వచ్చినాను.

తిరిగొస్తా ఉంటే అరుగు మీంచి కస్తూరమ్మ
చుట్టుపక్కల చూసి, గొంతు తగ్గించి,
"ఏందే, రేపు ఎన్నింటికి పోతావు?" అంది.

చెప్పలా ఇంకా.
ముందు ఇంటికి పోయి
ఎడమ బూటులో పెంకులు దులపాల.