నాలుగో వరస

పెరంబూరులో మా గుడికి ఒకటే గంట, రెండు భాషలు.
ఆరింటికి తమిళ ఆరాధన, ఎనిమిదిన్నరకి మాది.
మేం కూర్చునేసరికి బెంచీలు ఇంకా వెచ్చగానే ఉంటాయి.
చెక్క పలక మీద వాళ్ళ పాటల అంకెలు తీసి
కోయిల్‌పిళ్ళై మావి పెడతాడు.
ఏడు అంకె ఒక్కటే మిగిలింది పెట్టెలో,
రెండు సభలకీ అదే తిరుగుతోంది.
డెబ్భై ఏడో పాట ఈ గుడిలో
నాకు తెలిసి ఎవరూ పాడలేదు.

నేను ఆర్గన్ వాయిస్తాను. వాయిస్తాననడం పెద్దమాట,
దాన్ని బుజ్జగిస్తాను.
ఎడమవైపు మూడో పెడల్
వానాకాలం పలకదు, ఎండాకాలం ఆగదు.

యెహెజ్కేలు గారు పాడినన్నాళ్ళూ నాకా దిగులు లేదు.
నేలలోంచి లేచే గొంతు ఆయనది.
క్యారేజ్ వర్క్స్‌లో ఫిట్టరు. ముప్ఫై నాలుగేళ్ళు
ఇనుము మోత పక్కన నిలబడి
మోత కిందనుంచి పాడడం నేర్చుకున్నారు.
నొటేషన్ రాదు. పుస్తకం అంచున
పెన్సిలుతో తనకు తాను రాసుకున్న ఉత్తరాలు:
ఇక్కడ మెట్టు దిగు.
ఇక్కడ ఆగి ఊపిరి.
ఇక్కడ టెనర్ వాళ్ళు తప్పుతారు, నువ్వు కదలకు.

కిందటేడు శ్రమల దినాల్లో గొంతులో గడ్డ అన్నారు.
అడయారులో కోశారు.
మనిషిని తిరిగిచ్చారు, గొంతును ఉంచుకున్నారు.

ఆయన మానలేదు.
కోయిర్ తెల్లంగీ ఇస్త్రీ చేయించుకుని
మెడకి రుమాలు కట్టుకుని
నాలుగో వరసలో, చివర, తన చోట నిలబడ్డారు.
పేజీ తిప్పాల్సిన చోట తిప్పారు.
ఊపిరి తీయాల్సిన చోట తీశారు.
ఆ ఊపిరి రుమాలు కిందనుంచి
చిన్న ఈలగా పోయేది.
మేమెవరం అటు చూసేవాళ్ళం కాదు.

ఫ్లోరా మిస్ ఇంకో బాస్‌ని వెతకలేదు.
"ఆయన నిలబడే ఉన్నారుగా" అన్నారు, అంతే.
ఆ చోటు వదిలే పాడేవాళ్ళం.
పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు
నా చెవి అక్కడికే పోయేది.

అయ్యగారు ఓసారి కీబోర్డు కొందామన్నారు,
బటన్ నొక్కితే బాస్ దానంతటదే వస్తుందట.
కమిటీలో ఎవరూ అవుననలేదు, కాదనలేదు.
టీ తాగి లేచారు.

ట్రినిటీ తరువాత పదకొండో ఆదివారం
(పంచాంగం మారినా మా పాతవాళ్ళ లెక్క అదే).
బయట వాన, రోడ్డంతా మోకాటి నీళ్ళు,
లోపల ముప్ఫై మందిమి.
రొట్టె, ద్రాక్షారసం పంచుతున్నారు. మూడో చరణం.
స్త్రీల వైపు, స్తంభం వెనకనుంచి
ఒక గొంతు.
సొప్రానో కాదు. ఆల్టో కాదు.
మెట్టు దిగింది.
ఆగింది, ఊపిరి తీసుకుంది.
టెనర్ వాళ్ళు తప్పారు.
అది కదలలేదు.

వజ్రమ్మ గారు.
కోయిర్‌లో ఏనాడూ లేని మనిషి.
ఆయన గోడవైపు తిరిగి ప్రాక్టీసు చేస్తుంటే
పోపు వేస్తూ, చొక్కాకి గుండీలు కుడుతూ
నలభై ఏళ్ళు విన్న వరస,
ఆయనకంటే ఒక అంతస్తు పైన,
కొంచెం వణుకుతూ, కొంచెం ముక్కుతో.

నేను రెండు కాళ్ళూ పెడల్స్ మీదనుంచి తీసేశాను.

యెహెజ్కేలు గారు వెనక్కి తిరగలేదు.
పేజీ తిప్పాల్సిన చోట
తిప్పడం మరిచిపోయారు.

తర్వాత వరండాలో అడిగాను,
అసలు వరస వదిలేసి అదెందుకు పాడారమ్మా అని.
"అసలుదేంటి బాబూ? అది అందరి వరస.
మా ఇంటి వరస ఇది" అని
తడిసిన చెప్పుల కుప్పలో
తనవి వెతుక్కోవడంలో పడిపోయారు.

లోపల కోయిల్‌పిళ్ళై పలక ఖాళీ చేస్తున్నాడు.
ఏడుని మాత్రం పెట్టెలో వేయలేదు,
సాయంత్రం వాళ్ళకి కావాలని
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.