జాగ సేఠ్

లష్కర్ల గడియారం కాడ
ల్యావ్ సేఠ్ బూట్ల దుకాణంల
గల్లాపెట్టె కింద, నేలకు ఆనుకొని
ఒక దేవుడుండె.
బొమ్మ లేదు, మొఖం లేదు.
ఎర్ర రేకు మీద రెండు వరుసల బంగారి రాత,
ముంగట మూడు బుడ్డ గిన్నెల చాయ,
ఇసుక నింపిన పాలపొడి డబ్బాల అగరుబత్తి.

నాకప్పుడు పదమూడేండ్లు.
మొదటి దినమే చీపురు వట్టుకొని ఆగిపోయిన.
అటు ఎనిమిదో నంబరు నల్ల బూట్ల జత,
ఇటు పాలిష్ బుడ్డి,
నడుమ ఆయన.
తోలు పని జేసెటోడని మా అయ్యను
ఊళ్లె గుడి గడప తొక్కనియ్యలే.
ఈడ దేవుడే వచ్చి తోలు వాసన్ల కూసున్నడు.

బక్కయ్య అనెతందుకు సేఠ్‌కు నోరు తిరగకపోయేది.
బాకీ అనేటోడు.
బాకీ, ఆరె తే. బాకీ, తిన్నవా.
గిరాకులు ఇని నవ్వెటోళ్లు,
కొందరైతే నవ్వకుండ జేబుల చెయ్యి వెట్టెటోళ్లు.

ఒకనాడు అడిగిన,
ఈయన మీ దేశంకెల్లి వచ్చిండా అని.
పండ్ల నడుమ మేకులు వెట్టుకొనే చెప్పిండు సేఠ్:
వచ్చినోళ్లు పైన అర్రల ఉన్నరు.
నల్లపులి ఎక్కినాయన,
మూడుకాళ్ల కప్పను ఆడిచ్చే పిలగాడు,
మా తాత ట్రంకుపెట్టెల ఓడెక్కి వచ్చిండ్రు.
ఈయన యాడికెల్లీ రాలే.
ఏ నేల మీద దుకాణం తెరిస్తె
ఆ నేల ఆసామి ఈయన.
నాకంటె ముందటి సేఠ్,
నా తర్వాతి సేఠ్.
నేను కిరాయికున్న, గంతే.

"అయితే ఈయనకు తెలుగొస్తదా?"

సుత్తె గాలిల ఆగింది.
"నాకంటె మంచిగనే వస్తుండొచ్చు.
నువ్వు మాట్లాడి చూడు."

మాట్లాడిన. పొద్దుగాల్ల ఊడ్చుకుంట, ఇరవై రెండేండ్లు.
లచ్చలు, కోట్లు పైనోళ్ల యవ్వారం.
ఈయనది చిల్లర లెక్క.
మబ్బు వట్టిన సోమవారం అమ్ముడుపోయిన ఒక్క జత.
గల్లాల ఎలుక కొరకక ఇడిచిన నోటు.
మూడు నెల్ల సంది గల్లీ మారి నడిచిన వకీలు
తనంతల తనే వచ్చి కట్టిన ముప్పై ఐదు రూపాలు.

బోనాల నాడు బజారంత డప్పు.
అమ్మ బోనంలకెల్లి ఇంత బెల్లపన్నం తెచ్చి
ఎవలూ చూడకుండ గిన్నెల పక్కన వెట్టిన,
కల్లు చుక్క సాక పోసిన.
సేఠ్ చూసిండు. ఏమనలే.
తెల్లారి వచ్చేసరికి
గిన్నెలు నాలుగున్నయి.

మిషన్ బూట్లు వచ్చినయి.
ఎన్నడో ఒకనాడు వస్తయని ఎరికే.
సేఠ్ కలకత్త పోయే దినం
పులి సామిని, కప్ప పిలగాన్ని ఉర్దూ పేపర్ల చుట్టి
తాడుతోని గట్టిగ కట్టిండు.
కిందికి వంగి ఎర్ర రేకు ఊడదీసిండు,
వాకిట్ల కాలవెట్టిండు,
బూడిద తెచ్చి ఆ మూలకే రాసిండు.
రేకు నాది, అన్నడు. ఆయన నాయన కాదు.
నాలుగో గిన్నె నా చేతుల వెట్టిండు.

గిప్పుడాడ బంగారం మీద అప్పులిచ్చే కంపిని.
అద్దం తలుపు, సల్లటి గాలి,
మొఖం కనవడే టైల్సు.
మా ఆడిమనిషి కమ్మలు తీస్కపోయిన, ఆమె కంటి ఆపరేషన్‌కు.
పిల్ల గీటురాయి మీద గీకింది,
తరాజుల వెట్టింది, పేరడిగింది.
మిషన్ల నుంచి కాయితం సర్రున వచ్చింది.
నా పేరు,
దాని కింద పెద్దక్షరాలల్ల:
బాకీ.

ఎవలో పిలిచినట్టాయె.
కౌంటర్ కిందికి వంగిన.
"ఏం పడ్డది పెద్దమనిషి?" గార్డు పిలగాడు ఉరికొచ్చిండు.
ఏం పడలే బిడ్డా,
సేఠ్ పిలిచిండు.