రెండో వడ్డన

త్రిశూలి నదికీ హైవేకీ నడుమ
ఇరుక్కున్నట్టుండే భోజనశాల అది.
లోడు లెక్క కట్టడానికి వెళ్ళాను,
సంచిలో క్లాంప్ మీటరు, టేపు, ఎర్ర పెన్సిలు.
దిల్‌కుమారి గౌచన్ ముందు టీ ఇచ్చింది.
తర్వాత మూడు కంపెనీల కాగితాలు
సంబంధాల ఫొటోల్లా బల్ల మీద పరిచింది.
"చెప్పు. ఏ చార్జరు?"

ఒకడు నూట ఇరవై కిలోవాట్లంటాడు,
ఇరవై నిమిషాల్లో మైక్రోబస్సు నిండిపోతుందంటాడు.
ఇంకొకడిది అరవై.
మూడోవాడు సగం ధరకే ఇస్తాడట,
హోటల్ బోర్డు మీద మాత్రం తన పేరే పెద్దగా ఉండాలట.

నాకొచ్చిన పాఠం నేను అప్పజెప్పాను:
నీ ట్రాన్స్‌ఫార్మర్ వంద కేవీయే దిదీ,
ఫ్రిజ్‌లూ గ్రైండర్లూ పైగదుల గీజర్లూ
అందులో ముప్పై ఇప్పటికే మింగుతున్నాయి.
పెద్దది పెడితే కొత్త ట్రాన్స్‌ఫార్మర్, కొత్త స్తంభాలు,
బండి వచ్చినా రాకపోయినా
నెల తిరిగేసరికి డిమాండు చార్జీ.

వింటోందో లేదో.
గోడగడియారం వైపు చూస్తోంది.
కిటికీ పక్క బల్ల దగ్గర పోఖరా బండి జనం.
"చూడు, పప్పు పోశాం. ఇక ఎవరూ మాట్లాడరు,
పదకొండు నిమిషాలు.
తర్వాత గుంద్రుక్ అడుగుతారు. తర్వాత రెండో వడ్డన.
అప్పుడు కబుర్లు. అప్పుడు చేతులు కడిగే దగ్గర వరస.
ఎవరో ఒకరు పిల్లకి నది చూపిస్తామని దిగుతారు.
మొత్తం ముప్పై ఎనిమిది. చలికాలం ఇంకో నాలుగు.
ఇరవై నిమిషాల్లో నింపే యంత్రం పెట్టి
నేను టీ అమ్ముకోనా? ఈ అన్నం ఎవరు తింటారు?"

నా ఫారంలో గంటలకి గడి ఉంది,
వోల్టులకి ఉంది. ఆకలికి లేదు.
మార్జిన్లో రాసుకున్నాను: 38.

బయటికి తీసుకెళ్ళింది.
స్తంభానికి మేకను కట్టే తాడు,
తాడుకి ముడులు.
"ఈ ముడి దగ్గర ఘలే బండి నోరు, ముందుంటుంది.
ఇది లామా బండిది, ఎడమ చెంపన.
ఆ చివరిది చైనా వ్యాన్, దానికి వెనక.
కేబుల్ పొట్టిదైతే వీళ్ళంతా
మలుపులోకి రివర్సు కొడతారు. ట్రక్కులు చూశావుగా."
టేపు పట్టాను. చివరి ముడికి ఏడు మీటర్లు,
కాగితాల్లో ఇద్దరివి అయిదే.

మళ్ళీ లోపలికొచ్చి గల్లాపెట్టె తెరిచింది.
నోట్ల కింద కరిగిపోయిన ప్లగ్గు సాకెట్టు.
పోయిన ఆషాఢంలో కొండ విరిగి రోడ్డు మూసుకున్న రాత్రి
మూడు శాతంతో ఆగిన బండికి
వంటింట్లోంచి వైరు లాగిందట.
"వారం రోజులు అన్నం కూడా ఆ కంపే కొట్టింది.
వచ్చిన ప్రతివాడి చేతిలో ఇది పెట్టి అడిగాను,
మీది చెడిపోతే ఎవడొస్తాడు అని.
మొదటివాడు ఖాట్మండు నుంచి ఇంజనీరన్నాడు.
రోడ్డు లేకపోతే? అంటే ఫోన్ చూసుకున్నాడు.
బోర్డువాడు టోపీ ఇచ్చాడు, అదిగో, కుక్కర్ దించడానికి వాడుతున్నాం."

అరవైవాడు తులసీరామ్ ఢకాల్.
ఏమీ అనకుండా కాళ్ళకేసి చూసుకున్నాడట,
అరిగిన బూట్లు.
"మలేఖులో ఉంటానమ్మా. విడిభాగాలూ అక్కడే.
నడిస్తే మూడు గంటలు.
కేబుల్ మాత్రం ఏడు మీటర్లది తెప్పిస్తా,
రెండు వారాలు ఆగాలి."

ఆగింది.

ఎర్తింగ్ గొయ్యి తవ్వడమే కష్టమైంది,
రెండడుగులకే నది గుండ్రాళ్ళు.
గునపం రెండుసార్లు వంగింది.
చివరికి రాడ్డు దిగాక బొగ్గు పోశాం,
ఉప్పు కావాలన్నాను.
వంటింట్లోంచి బస్తా తనే ఈడ్చుకొచ్చింది.
"ఎంత వెయ్యాలి?"
"రుచికి తగినంత."
మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది,
నవ్వుతూనే బస్తా మూతి బిగించి పట్టుకుంది,
రాత్రి వంటకి ఉంచాలి కదా మరి.