ఎలుకలో చివరక్షరం

బడికి పోయే తోవ జీడితోటలోంచి.
తోటలో ఎలుగు తిరుగుతోందని
మొన్న రాత్రి మగాళ్లంతా డబ్బాలు కొట్టారు.
పొద్దున్నే దండోరా: పిల్లల్ని పంపొద్దు.
మా దివిజ పలక సంచి మేకుకి తగిలించి,
"అయితే నువ్వే టీచరమ్మవి" అంది.

ఇంటరు తప్పిన టీచరమ్మని.
పప్పు వలిచి వలిచి నల్లబడిన వేళ్లు.
జీడి మరక కాగితానికంటితే పోదు,
అందుకే పుస్తకాన్ని మణికట్లతో తెరుస్తాను
వేడి గిన్నె దించినట్టు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే బొమ్మల పుస్తకం.
పలాస స్టేషన్లో, బండి గంటన్నర లేటైన రోజు,
ఏడుపు మాన్పడానికి కొన్నది.
అందులోనూ ఎలుగే.
దానికెక్కడో ఒక గొడుగు దొరుకుతుంది,
ఎవరిదో కనుక్కుందామని ఇల్లిల్లూ తిరుగుతుంది.
పేజీకో తలుపు. తలుపుకో రంగు.
"ఈ గొడుగు మీదేనా?"

మొదటి రోజు తలుపులు లెక్కపెట్టాం,
తలుపుకో జీడిపిక్క.
పదకొండు దగ్గర ఒకటి తక్కువైంది.
వెతికితే దాని గుప్పిట్లోనే ఉంది,
అది మా ఇంటి తలుపట.

రెండో రోజు ఎ.
వాచకంలో ఎ అంటే ఎలుక.
చివర క తుడిచి గు రాశాను.
దివిజ పలక కింద పెట్టి
రెండడుగులు వెనక్కి జరిగింది.
"ఒక్కచ్చరానికి అంత పెద్దదైపోనాదేటమ్మా!"

ఆ మధ్యాహ్నం బూడిద నీళ్లలో కాళ్లు ముంచి
అరుగంతా ఎలుగు అడుగులు వేసింది.
మా అత్త చూసి ఒకటే తిట్లు,
కడగబోయిన చీపురు మాత్రం సగంలో ఆపేసింది.

మూడో రోజు దుర్యోధన తాత వచ్చాడు.
ఆయనకి కుడి చెవి సగమే ఉంది.
పన్నెండేళ్ల కిందట, తెల్లవారుజామున, పనసచెట్టు కింద.
పుస్తకం తిరగేసి నవ్వలేదు.
దివిజ ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా అడిగింది:
"గొడుగు నీదేనని అబద్దమాడీసినావేటి తాతా?"

ఇంట్లో ఎవరూ ఊపిరి తీయలేదు.
తాత సగం చెవి తడుముకున్నాడు.
"నన్నేటీ అడగలేదే గుంటా.
అదీ బెదిరిపోనాది, నానూ బెదిరిపోనాను."
తర్వాత ఆయనే ఇంకో పాఠం చెప్పాడు,
నా దగ్గర లేనిది:
"ఎలుగంటే గొంతు కూడాను.
తోటలో ఎలినప్పుడు ఎలుగెత్తి మాటాడుకుంటా ఎలాల.
ఇనబడితే అదే తప్పుకుంటాది."

సాయంత్రం సుద్దముక్కతో ఊరు గీశాం.
రామమందిరం, రేషన్ డిపో, ఢిల్లమ్మ కొట్టు,
మా పెంకుటిల్లు, తాత పాక.
"మరి ఎలుగిల్లు ఏదే?"
సుద్ద నా చేతిలోనే ఉండిపోయింది.
కొండ వైపు చూపిద్దామంటే సగం కంకర క్వారీ.
దివిజ లాక్కుని మా జీడితోట మధ్యలో
ఒక తలుపు గీసింది.
ఇల్లు గీయలేదు. తలుపొక్కటే.

రాత్రి పెరట్లో దబ్బుమని చప్పుడు.
పండిన పనసకాయే అయ్యుంటుంది.
దివిజ నా చెవిలో నోరు పెట్టి,
"మంది కాదని చెప్పీ అమ్మా, తలుపు తియ్యకు."

శుక్రవారం ఫారెస్టోళ్లు వచ్చి
కొండవతలకి పోయిందన్నారు.
శనివారం దాన్ని బడిలో దిగబెట్టి
ఒక్కదాన్నీ తిరిగొస్తున్నాను.
తోటలో గాలి లేదు. ఎండుటాకుల మీద నా చెప్పులే.
ఏం మాట్లాడను? ఎవరితో?
పాటలేవీ గుర్తుకు రాలేదు.
గొంతు సవరించుకుని, పెద్దగా,
పదకొండు తలుపుల దగ్గరా అడిగిన మాటే అడిగాను.

ఎక్కడో ఒక కొమ్మ కదిలింది.
కాకే కావచ్చు.
అయినా ఆగి, జవాబుకి కాస్త చోటిచ్చి
మళ్లీ నడిచాను.